పొలం వాటా, కబురు వాటా

మొన్న మన ఓనరు మూర్తి గారి మనవడి అన్నప్రాసనలో నేను బిర్యానీ వద్దని పెరుగన్నం పెట్టించుకున్నానని మీరంతా ఒకటే గుసగుసలు. కార్తీక మాసం కాదు, శనివారం కాదు, ఈ వరలక్ష్మికి ఏమొచ్చిందీ అని. ముక్క లేనిదే ముద్ద దిగని మనిషిని నేను, ఒప్పుకుంటాను. కానీ ఇకమీద ముక్క జోలికి వెళ్లను. ఎందుకో చెప్తాను, ముందు ఆ టీ చల్లారకుండా తాగేయండి. తర్వాత తాగాలనిపించకపోవచ్చు.

ఈ డాక్యుమెంట్ల షాపులో టైపింగ్‌కి కూర్చుని నా జుట్టు నెరిసింది. పొద్దున్న లేస్తే తూర్పు హద్దు ఫలానావారి పల్లం, పడమర హద్దు గెడ్డ, ఇదే కదా మన బతుకు. కాగితం ఎవరి పేరున ఉంటే సొత్తు వాళ్లది, ఇంకో మాట లేదు. ఆ జబ్బు నాకు ఒంటికి పట్టేసింది. నా పెళ్లప్పుడు మా నాన్న పసుపు కుంకుమ కింద నాకొక పొలం ముక్క రాసిచ్చాడు, చీడికాడ అవతల, కొండ వార. చేసేదేమో మా తమ్ముడు పైడిరాజు. దున్నేదీ వాడే, నీళ్లు కట్టేదీ వాడే. పేరు మాత్రం నాది. అందుకని వీలైనప్పుడల్లా స్కూటీ వేసుకుని చోడవరం నుంచి అంత దూరం వెళ్లి, గట్టు మీద నిలబడి, ఇది నాది అని ఒకసారి అనుకుని వస్తాను. అందులోంచి నాకొచ్చేది అడగ్గా అడగ్గా ఒక బెల్లం దిమ్మ, అదీ చీమలు రుచి చూశాక. అయినా సరే, నా పొలం నా పొలమే.

దీపావళి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున్నే అలాగే వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. చెరకు నా నెత్తి దాటి పెరిగింది. స్కూటీ ఆపి దిగుతుంటే ఎదురుగా గట్టు మీద గడ్డి మేస్తూ ఒక దుప్పి. చుక్కల దుప్పి, ఆడది. తల ఎత్తి నన్ను చూసింది. నేను దాన్ని చూస్తూ స్టాండ్ వేశాననుకుని చేతులు వదిలేశాను. స్కూటీ వెళ్లి కాలవలో పడింది. ఆ చప్పుడికి దుప్పి ఒక్క గెంతులో చెరకులోకి దూరిపోయింది. అద్దం విరిగింది, బండిని లాగబోయి మోకాలు గీరుకుంది, చీర బురదైంది. అయినా ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనలా ఊరికే నవ్వడం చూడలేదని మా ఆయన కంగారు పడ్డారు.

దుప్పి సంగతి మా తమ్ముడికి వింతేం కాదు. వాడు చెప్పిన ప్రకారం వానాకాలమంతా వాటికి కొండ మీదే కడుపు నిండుతుంది, కిందికి రావు. దీపావళి దాటి కొండ మీద గడ్డి ఎండేసరికి కింద చెరకు మనిషెత్తు అవుతుంది. అప్పుడు దిగుతాయి. పగలంతా చెరకులో పడుకుని తెల్లారగట్ల బయటికొచ్చి మేస్తాయి. మాఘంలో కోతలు మొదలైతే వాటికి ఇల్లు కూలిపోయినట్టే. ఒక తోట కొడితే పక్క తోటలోకి, అదీ కొడితే ఆ పక్కదాంట్లోకి. ఎండలు ముదిరేసరికి బతికున్నవి గెడ్డెంట, వాగు దారి పట్టుకుని, మళ్లీ కొండెక్కేస్తాయి. ఆ "బతికున్నవి" అన్న మాట దగ్గర వాడు ఆగలేదు, మామూలుగా చెప్పేసి బీడీ వెలిగించాడు. చెరకు కోతల నెలే వాళ్లకి వేటల నెల అని నాకూ తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లోనూ అడవి పంది వండేవారు. కానీ ఇది వేరు కదా. ఇది నా పొలంలోకి వచ్చింది.

అదే మాట వాడితో అన్నాను. సరిగ్గా ఏమన్నానో ఇప్పుడు ప్రతి అక్షరం గుర్తుకొస్తోంది.

"ఒరే పైడీ, పొలం నాది. పొలంలో ఉన్నదీ నాదే. దాని మీద ఎవడైనా సెయ్యేస్తే ఊరుకోను. అందరికీ సెప్పు, అది మా అప్పది అని."

పైడిరాజు నా వంక ఒక రకంగా చూశాడు. మెచ్చుకున్నట్టు. మా అప్పకి, అంటే ఈ అక్కకి, ఇన్నాళ్లకి వ్యవహారం తెలిసింది అన్నట్టు. "నీదేలే అప్పా, ఎవలు కాదన్నారు" అన్నాడు. నేను ఆ చూపుకి పొంగిపోయాను.

ఇక చూడండి నా ప్రచారం. ఫోన్లో తీసిన ఫొటోలో దుప్పి కంటే చెరకాకులే ఎక్కువున్నాయి, అయినా స్టేటస్‌లో పెట్టాను, "మా పొలానికి వచ్చిన అతిథి" అని. మీరంతా లవ్ సింబల్స్ కొట్టారు. మన సత్యవతి అయితే "ఏది, తోకా అది?" అని అడిగింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఊరి సెంటర్లో టీ కొట్టు దగ్గర బండి ఆపి మరీ చెప్పాను. ఎక్కడ మేస్తుందో, ఏ వేళకి వస్తుందో, ఏ మూల నుంచి చెరకులోకి దూరుతుందో, చేతులు తిప్పుతూ చెప్పాను. వినేవాళ్లు భలే శ్రద్ధగా విన్నారు. ఒకాయన నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చేశాడు. జీవాలంటే పల్లెటూరి వాళ్లకి ఎంత ప్రేమ అనుకుంటూ వచ్చాను.

దానికితోడు బెల్లం. దుప్పికి బెల్లం ఇష్టమని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నాకిష్టం కాబట్టి దానికీ ఇష్టమే అనుకున్నాను. మా తమ్ముడిచ్చిన దిమ్మనే ముక్కలు కొట్టి, వెళ్లినప్పుడల్లా గట్టు మీద ఒకేచోట పెట్టేదాన్ని. మళ్లీ వెళ్లేసరికి ఉండేవి కాదు. దుప్పే తిందో, చీమలే తిన్నాయో, మా తమ్ముడే టీలో వేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఒకసారి దూరంగా నిలబడి చూస్తే అది నిజంగానే వచ్చి నాకింది. మెడ వంచి, చెవులు ఆడిస్తూ. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మధ్యలో ఒక ఆదివారం బాగా చిక్కిపోయి కనిపించింది. పొట్ట లోపలికి పోయింది. పాపం, చలికి అనుకుని ఆ వారం నుంచి ఇంకాస్త ఎక్కువ బెల్లం పెట్టాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఈలోగా అది మా తమ్ముడి మినుములు మేసింది. వరి కోసిన మడిలో చల్లిన మినుములు, అప్పుడే రెండాకులు వేసి ముద్దుగా ఉన్నాయి. ఒక వారంలో ఒక పక్కంతా నున్నగా చేసేసింది. ఇంకొకరైతే కరెంటు తీగ లాగేసేవారు. పైడిరాజు పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు. ఊళ్లో కుర్రాళ్లు వలలు పట్టుకుని వచ్చి అడిగారట, అప్పుడూ వద్దన్నాడట. అది మా అప్పది, అప్ప మాట కాదని ముట్టుకోడానికి లేదు, కోతలు కానివ్వండి అన్నాడట. ఫోన్లో ఇదంతా వాడు చెప్తుంటే నా తమ్ముడు బంగారం అనిపించింది. "కోతలు కానివ్వండి" అన్న మాట మాత్రం నా చెవికి ఎక్కలేదు.

మాఘం వచ్చింది. చుట్టూ తోటలన్నీ కొట్టేస్తున్నారు. నేను ఊరుకుంటానా? పొలం నాది కదా, నా తోట అందరికంటే ఆఖర్న కొట్టాలి అని పట్టుబట్టాను. చుట్టూ కోతలైపోయేదాకా దానికి నీడ ఉంటుంది, ఆ తర్వాత ఎండాకాలం వచ్చి అదే కొండెక్కిపోతుంది అని నా లెక్క. ముదిరితే రసం తగ్గిపోతాదని వాడు మొత్తుకున్నాడు. వినలేదు. పేరు ఎవరిదిరా అన్నాను. ఆ మాటంటే వాడు నోరెత్తడు.

చివరికి ఏమైంది? చుట్టూ కనుచూపు మేర మోళ్లు, మధ్యలో నా తోట ఒక్కటి, గుండు మీద పిలకలా. కొండ కింద ఉన్న జీవాలకి దాక్కోడానికి మిగిలిన చోటు అదొక్కటే. దుప్పి ఎక్కడుందో ఇక ఎవరికీ చెప్పే పని లేకుండా పోయింది. నేను అప్పటికే చెప్పేశాను కాబట్టి ఆ లోటూ లేదనుకోండి.

కోత రోజు నేను వెళ్దామనుకున్నాను. మీకు గుర్తుందా, ఆ శనివారం పెళ్లి ముహూర్తాల ముందు గిఫ్టు డీడుల రద్దీ, మూర్తి గారు ఎవరికీ సెలవు ఇవ్వలేదు. అందుకని ఫోన్ చేశాను. మీరంతా పక్కనే ఉన్నారు, నేను అరుస్తుంటే ప్రింటర్ చప్పుడు కంటే నీదే ఎక్కువగా ఉంది అని సత్యవతి తిట్టింది కూడా. వాడితో చెప్పాను, నలుగురు మనుషుల్ని కాపలా పెట్టు, దుప్పి బెదిరి అవతలికి పోతే పక్క ఊరోళ్లు పట్టేస్తారు, వాళ్లకి మాత్రం దక్కనివ్వకు అని. వాడు చాలా ధీమాగా, "నువ్వు బెంగెట్టుకోకప్పా. వల పెట్టే ఉంచేం. పక్క ఊరోళ్లకి ఎంట్రిక కూడా పోదు" అన్నాడు. వల ఎందుకురా అని అడగొచ్చు కదా? అడగలేదు. దాన్ని పట్టుకుని జాగ్రత్తగా కొండ దగ్గర వదులుతారు కాబోలు అని నాకు నేనే సర్ది చెప్పుకుని, మళ్లీ తూర్పు హద్దు టైపు చేస్తూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్న నేను తలస్నానం చేస్తుంటే పైడిరాజు బండి మీద వచ్చి, గుమ్మంలోనే మా ఆయన చేతిలో ఒక సంచీ పెట్టి, గానుగ దగ్గర పనుందని వెళ్లిపోయాడు. ఆయన లోపలికి తెచ్చి, "మీ తమ్ముడు మాంసం తెచ్చాడే" అన్నారు. నేను నమ్మలేదు. ఇన్నేళ్లలో అడక్కుండా వాడు ఒక నిమ్మకాయ తెచ్చిన పాపాన పోలేదు. చూస్తే విస్తరాకులో చుట్టిన రెండు పొట్లాలు, బాగా పెద్దవి, పైన కొత్త బెల్లం దిమ్మ కూడానూ. కోత ఆఖరి రోజున కూలీలకి మాంసం భోజనం పెట్టడం మా వైపు అలవాటే. మేకపోతుని కోసి ఉంటారు, నాకూ పంపాడు అనుకున్నాను. మా ఆయన ముందు గర్వంగా ఉంది కూడా. చూశారా, పేరు నా మీద ఉంటే ఎలా వస్తుందో అని ఒక మాట అన్నాను.

ఇక వంట సంగతి చెప్పాలంటే నా నాలుక తడబడుతోంది. అల్లం వెల్లుల్లి నూరి, ధనియాలు వేయించి, గసాలు, ఎండు కొబ్బరి కలిపి, మాంసానికి పట్టించి ఒక పూట పక్కన పెట్టాను. కొవ్వన్నది లేదు. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా ఉడకదు. ముదురు పోతుని అంటగట్టాడు, వీడి బుద్ధి మారదు అని తిట్టుకున్నాను. ఉడికాక మాత్రం ఆ వాసనకి వీధి వీధంతా మా ఇంటి వైపు తిరిగింది. మా ఆయన మారు వడ్డించుకున్నారు. నేను మూడోసారి వడ్డించుకున్నాను. ఆఖర్న గిన్నె అడుగున అన్నం కలిపి తుడిచి మరీ తిన్నాను. రుచి ఎలా ఉందని అడక్కండి. బాగుంది. అదే నా బాధ. మిగిలిన కూర సంగతి తర్వాత చెప్తాను.

ఆ తర్వాతి ఆదివారం కొత్త బెల్లం దిమ్మలోంచి ఒక గుప్పెడు ముక్కలు కొట్టి సంచీలో వేసుకుని పొలానికి వెళ్లాను. దుప్పి కొండెక్కేసి ఉంటుందని తెలుసు, అయినా గెడ్డ దగ్గర కనిపిస్తుందేమోనని ఆశ. తోట కొట్టేశారు. చెత్త కూడా కాల్చేశారు. నేల నల్లగా ఉంది. పైడిరాజు గట్టు సరిచేస్తున్నాడు.

"ఏదిరా నా దుప్పి? ఎటెళ్లింది, సూసేవా?" అన్నాను.

వాడు పార పక్కన పెట్టి, నన్ను వింతగా చూశాడు.

"ఎటెళ్లడమేటప్పా? నీ వాటా ఇచ్చేను కదా."

నాకు అర్థం కాలేదు. నిజంగా కాలేదు. ఏ వాటా అన్నాను.

"రెండు వాటాలూ ఇచ్చేను. పడిన పొలం నీది గనక పొలం వాటా ఒక తొడ. కబురు ముందు నువ్వే సెప్పేవు గనక కబురు వాటా ఇంకో తొడ. కుర్రోలు ఒకటే సాలన్నారు. నానే తగూ పడి ఇప్పించేను. ఏటి, తూకం ఏటైనా తగ్గిందేటి?"

వాడి మొహంలో భయం చూశాను. అప్పకి లెక్కలో తేడా వచ్చిందేమో, పేరు ఎవరిదిరా అని మళ్లీ మొదలెడుతుందేమో అన్న భయం. చేతిలో బెల్లం సంచీతో అలాగే కాలిన మోళ్ల మీద కూర్చుండిపోయాను.

వాడిని తిట్టాను. నోటికి ఏదొస్తే అది తిట్టాను. దాన్ని కాపాడమని చెప్తే చంపుతారా అని ఏడ్చాను. వాడు ఏడుపు చూసి కంగారు పడ్డాడు గానీ తప్పు చేసినట్టు మాత్రం అనుకోలేదు. పైగా నన్నే అడిగాడు.

"మరి నాదీ నాదీ అని ఊరంతా సెప్పి, బెల్లం ఎట్టి మేపేవు కదప్పా? మేపినదాన్ని తినడానికి కాపోతే ఎందుకు మేపుతారు? పండక్కి పోతుని నువ్వే ఇలగ మేపేదానివి, సిన్నప్పుడు."

నిజమే. మేపేదాన్ని. దానికి పేరు కూడా పెట్టేదాన్ని, పండగనాడు మొదటి ముక్క నేనే తినేదాన్ని. మా ఊళ్లో ఒక జీవం నాది అని చెప్పడమంటే నా వాటా నాకు తేవాలి అని చెప్పడమే. కబురు చెప్పడమంటే వేటకి పిలవడమే. అది తెలియని పరాయిదాన్ని కాదు నేను, అక్కడే పుట్టాను. పక్క ఊరోళ్లకి దక్కనివ్వకు అని కూడా నా నోటితో నేనే అన్నాను. వాళ్లు నా మాట జవదాటలేదు. ఎంత పద్ధతిగా చేశారంటే, మినుములు పోయినా ముట్టుకోకుండా నా కోసం ఆపారు. ఆఖర్న కొట్టమంటే ఆఖర్నే కొట్టారు. దుప్పిని చంపింది వాళ్ల వలే, కానీ దాన్ని ఆ తోటలో బెల్లం పెట్టి ఆపింది నేను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన లేచి ఫ్రిజ్ తలుపు తీసి లోపలంతా చూసి మూశారు. ఇంట్లో ఎక్కడైనా ఎముక ఉంటే కేసు అవుతుందే అన్నారు. చెత్తబుట్ట వీధిలోకి ఒంపి, మళ్లీ అంతా ఎత్తుకొచ్చారు. ఆ కంగారు చూసి పక్కింటావిడ ఉంగరం పోయిందా అని అడిగింది. ఆ రాత్రి ఆయనా నేనూ మజ్జిగ తాగి పడుకున్నాం.

ఇది జరిగి నెల దాటింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నిన్న పొద్దున్న పైడిరాజు ఫోన్ చేశాడు. కొట్టిన మోళ్లకి మళ్లీ పిలకలు వచ్చి కార్శి తోట మోకాలెత్తు అయిందట. అందులో కాలవ వార చిన్న చిన్న గిట్టల అచ్చులు కనపడ్డాయట. మేకపిల్ల అనుకున్నాడు, కాదు. తెల్లారగట్ల కాపు కాస్తే కనపడింది. దుప్పి పిల్ల. కోత రోజున వల కిందనుంచి ఏదో చిన్నది దూరి పారిపోతే కుందేలు అనుకున్నారట. అప్పుడు నాకు తెలిసింది, మధ్యలో ఆ వారం అది ఎందుకు చిక్కిపోయి కనిపించిందో. చలి కాదు. నా చెరకులో ఈనింది. బాలింతకి నేను బెల్లం పెట్టాను, ఆ ఒక్క పనే తెలియకుండా సరిగ్గా చేశాను.

వాడు చాలా జాగ్రత్తగా అడిగాడు.

"అప్పా, ఇది కూడా నీ పొలంలోనే ఉన్నాది. నీదేనా?"

నేను ఈసారి తొందరపడలేదు. పొలం నాదేరా, అది మాత్రం నాది కాదు అన్నాను.

"ఐతే ఎవలిది?"

ఎవరిదీ కాదన్నాను.

వాడు వదల్లేదు. "ఎవలిదీ కాపోతే ఎవలైనా కొట్టీవచ్చు కదప్పా?"

చూశారా నా గతి. నాదంటే వాటా వస్తుంది, కాదంటే ఎవడో పట్టుకుపోతాడు. ఇన్నేళ్లు ఇన్ని కాగితాలు టైపు చేశాను, ఒక జీవం ఎవరిదీ కాకుండా బతకాలంటే ఏమని రాయాలో మాత్రం నాకు రాదు. ఇక చివరికి నాకొచ్చిన పనే చేశాను. ఒరే పైడీ, దాని మీద చెయ్యి పడితే నేనే అనకాపల్లి వెళ్లి అటవీ శాఖ వాళ్ల దగ్గర, ఫలానా దుప్పిని తిన్నది నేనే అని నా పేరున నేనే రాసిస్తాను, కింద మొదటి సాక్షి సంతకం నీదే ఉంటుంది అన్నాను. కాగితం, పేరు అని మాటెత్తితే వాడు నోరెత్తడని చెప్పాను కదా.

"ఎండలు ముదిరినాయిలే అప్పా. తల్లి లేపోయినా దారి దానికే తెలుస్తాది. ఇయాలో రేపో గెడ్డెంట కొండకి పోద్ది. నాను ఎవలికీ సెప్పను" అన్నాడు. ఫోన్ పెట్టేముందు, "నువ్వు కూడా సెప్పకు" అన్నాడు.

ఆ మాట నాకు తగిలింది. కొండకి చేరుతుందో లేదో తెలియదు. వెళ్లి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ నేను వెళ్తే ఊరంతా నా వెనకే చూస్తుంది. అందుకని స్కూటీ తీయలేదు, ఫొటో అడగలేదు, స్టేటస్ పెట్టలేదు. నా జన్మలో ఒక విషయం కడుపులో దాచుకోవడం ఇదే మొదటిసారి, మీకు చెప్పేదాకా.

మీకెందుకు చెప్పానా? మిగిలిన కూర సంగతి ఉండిపోయింది కదా. ఆ మంగళవారం నేను పెద్ద క్యారేజీ తెచ్చాను, గుర్తుందా? మా తమ్ముడు పోతు మాంసం పంపాడు, తలా ఓ ముక్క రుచి చూడండి అన్నాను. మూర్తి గారు గిన్నె మూత కూడా నాకారు. ఇంత మెత్తగా ఎలా ఉడికింది, రహస్యం చెప్పమని సత్యవతి నా వెంటపడింది. చెప్పాను కదా టీ ముందే తాగేయమని, ఇప్పుడు గ్లాసులన్నీ కింద పెట్టేస్తే నేనేం చెయ్యను. బతికున్నన్నాళ్లు ఆ దుప్పి నాదీ నాదీ అని ఊరంతా చాటినదాన్ని, పాపం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి వాటా వాళ్లకి క్యారేజీలో తెచ్చి పంచేశాను.